కల్ట్: నాయకుడు, అనుచరులు, వారి మనస్తత్వం

ఒకే వ్యక్తి మాటను తుది ప్రమాణంగా పట్టుకుని, ఆ మాటను ప్రశ్నించడాన్ని పాపంగా, గుంపును విడిచి వెళ్లడాన్ని ద్రోహంగా చూసే సమూహాన్ని కల్ట్ అంటారు. దీనికి దేవుడి పేరు తప్పనిసరి కాదు. వైద్యం, వ్యాపారం, రాజకీయం, వ్యక్తిత్వ వికాసం, ఏ పేరు మీదైనా కల్ట్ పుట్టవచ్చు. వాళ్ల నమ్మకం ఎంత విచిత్రంగా ఉందన్నది అసలు కొలత కాదు. ప్రశ్న అడిగినవాడికి ఏమవుతుంది, వెళ్లిపోతానన్నవాడిని ఏం చేస్తారు, డబ్బు లెక్క ఎవరికి చూపిస్తారు అన్న మూడు చోట్ల చూస్తే సంగతి తేలుతుంది. ఈ వ్యాసం తెలుగు ప్రాంతాల్లో నమోదైన ఘటనలను ఆధారం చేసుకుని, సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వంటి చోట ఈ మనస్తత్వానికి ఎలాంటి నేల దొరుకుతుందో పరిశీలిస్తుంది.

గురుభక్తికీ కల్ట్‌కూ తేడా

గురువును వెతుక్కోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో అచల సంప్రదాయం తరతరాలుగా ఉంది. విగ్రహారాధనను పక్కన పెట్టిన ఆ బోధను అన్ని కులాలవాళ్లూ తీసుకున్నారు. అయినా ఆ బోధ తీసుకున్న శిష్యుడు తన మగ్గాన్నీ, పొలాన్నీ, సంసారాన్నీ వదులుకోలేదు. రాత్రి భజనలో కూర్చుని తెల్లారి పనికి పోయాడు. సంగారెడ్డి జిల్లాలో ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాలయానికి, రుద్రారం గణేశ్‌గడ్డకు, బీరంగూడ గుట్ట మీది మల్లికార్జునుడి గుడికి వచ్చేవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోరు. వస్తారు, మొక్కుకుంటారు, పోతారు. వచ్చే వారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాడు ఉండడు. ఆ స్వేచ్ఛ ఉన్నంతకాలం భక్తి ఎంత గాఢంగా ఉన్నా దాన్ని కల్ట్ అనడం అన్యాయం. హేతువాదం పేరుతో భక్తులందరినీ ఒకే గాటన కట్టే రాతలు ఈ తేడాను చెరిపేశాయి. అసలు ప్రమాదాన్ని గుర్తుపట్టడం అందువల్లే కష్టమైంది.

కొర్రా మల్లయ్య, 1900

తెలుగు ప్రాంతంలో ఈ మనస్తత్వాన్ని మొదటి నుంచి చివరిదాకా చూపించే పాత ఘటన విశాఖ ఏజెన్సీ అంచున, సాలూరు–పాచిపెంట ప్రాంతంలో జరిగింది. 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ దాన్ని నమోదు చేసింది. కొండదొర తెగకు చెందిన కొర్రా మల్లయ్య తనకు పూనకం వచ్చిందన్నాడు. జనం కూడారు. కొంత కాలానికి తాను పంచపాండవుల్లో ఒకడి అవతారమన్నాడు, పసివాడైన తన కొడుకు సాక్షాత్తు కృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టి తానే రాజ్యం చేస్తానన్నాడు. తన మనుషుల చేతిలోని వెదుళ్లు మంత్రబలంతో తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీళ్లవుతాయనీ చెప్పాడు. నాలుగైదు వేల మంది అతని చుట్టూ చేరారు. తుపాకుల ఆకారంలో వెదుళ్లు చెక్కుకుని కవాతు చేశారు. సంగతేమిటో చూద్దామని వెళ్లిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపారు. 1900 మే నెలలో పోలీసులు ఆ శిబిరాన్ని చుట్టుముట్టారు. ఎదురు తిరిగినవారిలో పదకొండు మంది కాల్పుల్లో చనిపోయారు. మల్లయ్య జైల్లో మరణించాడు.

ఇది పాలకుల పక్షాన రాసిన కథనమని మరచిపోకూడదు. అడవి మీద హక్కులు పోయి, ముఠాదార్ల పీడన, పోలీసుల పీడన పెరిగిన కాలమది. 1879లో మొదలైన రంప తిరుగుబాటుకు అప్పటికి రెండు దశాబ్దాలే. అందువల్ల ఆ నాలుగైదు వేల మందిని అమాయకులని తీసిపారేస్తే ఏమీ అర్థం కాదు. వాళ్ల కష్టం నిజం, కోపం న్యాయమైనది. దాన్ని వినే కచేరీ లేదు. అలాంటి వేళ ఒకడు లేచి, మీ కష్టానికి ఒక అర్థముంది, దానికి తేదీ దగ్గరపడింది అన్నాడు. దాదాపు ప్రతి కల్ట్ పుట్టుకలోనూ ఈ మాట వినిపిస్తుంది.

ఇందులో గమనించవలసింది మరొకటి ఉంది. మల్లయ్య మొదటి రోజే పాండవుణ్ణని చెప్పలేదు. పూనకంతో మొదలుపెట్టాడు. జనం పెరిగేకొద్దీ అతని హోదా పెరిగింది.

నాయకుడు ఎలా తయారవుతాడు

జర్మన్ సమాజ శాస్త్రవేత్త మాక్స్ వేబర్ ఈ ఆకర్షణశక్తి గురించి లోతుగా రాశాడు. అది నాయకుడి ఒంట్లో పుట్టే గుణం కాదనీ, అనుచరులు గుర్తించినంత కాలమే నిలుస్తుందనీ ఆయన వాదన. అందుకే నాయకుడు తన గొప్పను మళ్లీ మళ్లీ నిరూపించుకోవాలి. నిన్న విభూతి ఇచ్చినవాడు రేపు రోగం నయం చేయాలి, ఎల్లుండి యుగాన్ని మార్చాలి. మోసగాడా, తన్ను తాను నమ్ముకున్నవాడా అనే ప్రశ్న చాలాసార్లు పొరపాటు ప్రశ్న. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు. రోజూ వేలమంది కాళ్లకు మొక్కుతుంటే, కాదనేవాడు దరిదాపుల్లో లేకపోతే, మామూలు మనిషి కూడా తనపై ఉన్న అంచనాలో కొట్టుకుపోతాడు. తన్ను తాను పొగుడుకునే స్వభావం ముందే ఉన్నవాడైతే ఆ పతనం ఇంకా వేగంగా సాగుతుంది.

చిత్తూరు జిల్లాలో కల్కి భగవాన్‌గా పేరుపడ్డ విజయకుమార్ ప్రస్థానంలో ఈ మెట్లు కనిపిస్తాయి. ఎల్‌ఐసీలో చిన్న ఉద్యోగి. 1984లో జీవాశ్రమం పేరుతో బడి పెట్టాడు. అక్కడి పిల్లలకు దివ్యానుభవాలు కలిగాయన్న కథనం మొదలైంది. తర్వాత ఆయన విష్ణువు పదో అవతారమయ్యాడు, భార్య పద్మావతి అమ్మ అయింది. వరదయ్యపాళెం దగ్గర 2008లో పెద్ద పాలరాతి ఆలయం తెరిచారు. తల మీద చేయి పెట్టి ఇచ్చే దీక్ష మెదడునే మారుస్తుందని చెప్పి విదేశీయులకు 21 రోజుల కోర్సులు నడిపారు. 2012 నాటికి మానవాళికి స్వర్ణయుగం వస్తుందన్నారు. ఆ ఏడు వచ్చింది, పోయింది, సంస్థ మాత్రం సాగింది. 2019 అక్టోబరులో ఆదాయపు పన్ను శాఖ సోదాలు చేసి, రూ.43.9 కోట్ల నగదు, 25 లక్షల డాలర్లు, 88 కిలోల బంగారు ఆభరణాలు, 1,271 క్యారట్ల వజ్రాలు పట్టుకున్నామనీ, లెక్క చూపని ఆదాయం రూ.500 కోట్లు దాటిందనీ ప్రకటించింది. తాము దేశం వదిలి పోలేదని విజయకుమార్ దంపతులు వీడియోలో చెప్పారు. ఇవి పన్ను శాఖ చెప్పిన లెక్కలు, కోర్టు శిక్ష కాదు. మనస్తత్వ కోణంలో అంతకన్నా పెద్ద సంగతి, ఇంత జరిగాక కూడా భక్తుల్లో చాలామంది కదలకపోవడం.

నాయకుడి చుట్టూ ఉండే లోపలి వలయాన్ని పరిశోధకులు తగినంతగా పట్టించుకోలేదు. దర్శనం ఎవరికి దొరకాలో, ఏ కబురు గురువు చెవిన పడాలో, ఏ లెక్క బయటికి పోవాలో నిర్ణయించేది ఆ పదిమందే. పుట్టపర్తిలోని సత్యసాయిబాబా ఆశ్రమం ప్రశాంతి నిలయంలో 1993 జూన్ 6 రాత్రి జరిగిన ఘటనలో ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు బాబా పరిచారకులు, నలుగురు లోపలికి చొరబడినవారు. ఆ నలుగురూ ఆశ్రమానికి కొత్తవాళ్లు కాదు. వాళ్లు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. కారణమేమిటన్నది ఇప్పటికీ వివాదంగానే మిగిలింది. సత్యసాయి సంస్థ అనంతపురం జిల్లాకు తాగునీళ్లిచ్చింది, ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రి కట్టింది. ఆ సేవను తక్కువ చేయడానికి లేదు. అయితే 2011 ఏప్రిల్ 24న ఆయన మరణించాక, జూన్‌లో ఆయన నివాసం యజుర్ మందిరం తెరిస్తే రూ.11.56 కోట్ల నగదు, 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి బయటపడ్డాయి. సేవ, రహస్యం ఒకే ప్రాంగణంలో కలిసి ఉండగలవని దీనివల్ల తెలుస్తోంది. సేవ చేస్తున్నారు కాబట్టి లెక్కలు అడగకూడదన్న వాదన నిలవదు.

అనుచరుడు

కల్ట్‌లో చేరేవాడు తెలివితక్కువవాడన్న నమ్మకం సమాజంలో బలంగా ఉంది. అది తప్పు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో కల్ట్ సభ్యుల్లో వైద్యుడూ, భౌతికశాస్త్రం చదివినవాళ్లూ ఉన్నారు. చేరేవాళ్లలో చదువు తేడా కన్నా జీవితదశ తేడా ఎక్కువ కనిపిస్తుంది. ఊరు మారినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, పిల్లలు పుట్టడం లేదన్న మాటలు పడుతున్నవాళ్లు, రోగానికి డాక్టర్లు చేతులెత్తేసినవాళ్లు ఎక్కువగా చేరతారు. భారతీయుల గురుభక్తిని దశాబ్దాలు పరిశీలించిన మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్, గురువు దగ్గర భక్తుడు పొందేది సిద్ధాంతం కన్నా ముందు సాంత్వన అని గుర్తించాడు. తన్ను పూర్తిగా ఎరిగిన, తప్పు పట్టని తల్లి లేదా తండ్రి దొరికారన్న అనుభూతి అది. దాన్ని ఎగతాళి చేసేవాడు ఆ మనిషి ఆకలిని ఎగతాళి చేస్తున్నట్టే.

చేరడం ఒక్క దూకుతో జరగదు. ముందు ఒక ప్రసాదం, ఒక పుస్తకం, ఒక ఆదివారం. తర్వాత వారానికోసారి సేవ, ఆపైన చందా, చివరికి ఉద్యోగం మానేసి పూర్తికాలపు సేవ. చిన్న కోరికకు ఒప్పుకున్నవాడు పెద్ద కోరికకు సులువుగా ఒప్పుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ 1966లోనే ప్రయోగపూర్వకంగా చూపించారు. అంతకు ముందే, 1959లో ఆరన్సన్, మిల్స్ మరో సంగతి తేల్చారు. ఒక గుంపులో చేరడానికి ఎంత అవమానం, ఎంత కష్టం పడితే ఆ గుంపు అంత గొప్పదిగా తోస్తుంది. పొలం అమ్మి చందా ఇచ్చినవాడు అది తప్పని ఒప్పుకోవడం కన్నా, ఇంకో ఎకరం అమ్మడం మనసుకు తేలిక.

మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ బృందం 1954లో షికాగో దగ్గర ఒక చిన్న సమూహంలోకి తామెవరో చెప్పకుండా చేరింది. ఆ ఏడాది డిసెంబరు 21న జలప్రళయం వస్తుందనీ, గ్రహాంతరవాసులు తమను కాపాడతారనీ ఆ సమూహం నమ్మకం. ప్రళయం రాలేదు. గుంపు చెదిరిపోతుందనుకుంటే, అందులో గట్టిగా కూరుకుపోయినవాళ్లు మరింత ఉత్సాహంగా ప్రచారం మొదలుపెట్టారు. ఆ పరిశోధనలో రహస్యంగా చేరిన పరిశోధకులే సమూహాన్ని ప్రభావితం చేశారన్న విమర్శలున్నాయి, అవి బలమైనవే. ఐనా ఆ ధోరణి మన దగ్గరా కనిపిస్తుంది. తాను 96 ఏళ్లు బతుకుతానని సత్యసాయిబాబా ప్రసంగాల్లో చెప్పారు. ఎనభై నాలుగేళ్లకే వెళ్లిపోయారు. కొందరు భక్తులు నక్షత్ర మాసాలతో లెక్క కట్టి, 27 రోజులకో నెల చొప్పున వయసు సరిపోయిందన్నారు. ప్రియమైనవాడు పోయినప్పుడు మనసు ఏదో ఒక ఆసరా పట్టుకుంటుంది. ఆ లెక్క వెనుక ఉన్నది దుఃఖం, మూర్ఖత్వం కాదు.

కల్ట్ మనుషుల మెదళ్లను కడిగేస్తుందన్న మాట ప్రచారంలో ఉంది. బ్రిటిష్ సమాజ శాస్త్రవేత్త ఐలీన్ బార్కర్ 1984లో ప్రచురించిన అధ్యయనం దాన్ని నిలబడనివ్వలేదు. కొరియాలో పుట్టిన యూనిఫికేషన్ చర్చి శిబిరాలకు వచ్చినవారిలో దాదాపు తొంభై శాతం చేరలేదు. చేరినవారిలో ఎక్కువమంది రెండేళ్లలోపే వెళ్లిపోయారు. ఎవరూ ఎవరినీ యంత్రంగా మార్చలేరు. అయితే బయటి సంబంధాలన్నీ తెగి, వెళ్లిపోయే దారి ఖర్చు పెరిగేకొద్దీ, మనిషి తనంతట తానే సందేహాలను నొక్కేసుకుంటాడు. 1978 నవంబరు 18న గయానాలోని జోన్స్‌టౌన్‌లో ఒక కల్ట్ శిబిరంలో తొమ్మిది వందలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు చుట్టూ అడవి, కాపలా తుపాకులు, చేతిలో లేని పాస్‌పోర్టుల మధ్య ఉన్నవాళ్లు. మృతుల్లో మూడు వందలకు పైగా పిల్లలు. దాన్ని సామూహిక ఆత్మహత్య అనడం సరికాదు, ఎక్కువ భాగం హత్యే.

ఇంటి లోపలి కల్ట్

నాయకుడు, ఆశ్రమం, చందా పుస్తకం లేకుండానే ఇదే మనఃస్థితి నాలుగు గోడల మధ్య పుట్టవచ్చు. 2021 జనవరి 24న మదనపల్లెలో ఉన్నత విద్యావంతులైన దంపతుల ఇంట్లో ఇద్దరు కూతుళ్లు హత్యకు గురయ్యారు. తండ్రి ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకుడు. కలియుగం ముగిసి మర్నాడే సత్యయుగం మొదలవుతుందనీ, పిల్లలు లేచి వస్తారనీ తల్లిదండ్రులు పోలీసులకు చెప్పారు. కోర్టు ప్రక్రియలో వారిని విశాఖ మానసిక వైద్యశాలకు పంపారు. ఒకరి భ్రమను దగ్గరివాళ్లు పంచుకునే స్థితిని 1877లోనే ఫ్రెంచి వైద్యులు లాసెగ్, ఫాల్రే వర్ణించారు. ఆ భ్రమకు బలం ఇచ్చేది ఏకాంతం. బయటి మాట చెవిన పడని ఇంట్లో అది పెరుగుతుంది. భ్రమకు మూలమైన మనిషి నుంచి రెండో మనిషిని వేరుచేసి ఉంచితే, ఆ రెండో మనిషిలో భ్రమ చాలాసార్లు తగ్గుతుంది. సమాజం ఆమోదించిన మతవిశ్వాసాన్ని మనోవైద్యం భ్రమగా లెక్కించదు. ఈ గీతను కుటుంబాలు గుర్తుంచుకోవాలి.

పటాన్‌చెరు వాడ

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత పారిశ్రామిక వాడలు పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం దాకా పాకాయి. బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ తరం పర్మనెంట్ ఉద్యోగం, క్వార్టరు, యూనియన్, బడి, ఆసుపత్రి, గుడి అన్నీ ఒకే గేటు లోపల చూసింది. కష్టం వస్తే చెప్పుకోవడానికి పక్క క్వార్టరు ఉంది. ఇవాళ ఇస్నాపూర్, పాశమైలారం అద్దెగదుల్లో ఉండే కాంట్రాక్టు కార్మికుడికి అలాంటి గేటు లేదు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి, ఇటు మెదక్, నారాయణఖేడ్ పల్లెల నుంచి వచ్చినవాడు అతను. షిఫ్టు మారితే గదిలో మనుషులు మారతారు. కాంట్రాక్టరు మారితే పని పోతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. కొందరి శరీరాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది.

ప్రమాదం ఉన్నచోట మంత్రం ఉంటుందని మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో గమనించాడు. నిలకడైన ఉప్పుకయ్యలో చేపలు పట్టేవాళ్లకు మంత్రాలు లేవు, నడిసముద్రంలోకి వెళ్లేవాళ్లకు చాలా ఉన్నాయి. దసరానాడు ఫ్యాక్టరీల్లో యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, గుమ్మడికాయ కొట్టడం వెనుక ఉన్న మనసు అదే. అందులో ఆందోళన పడాల్సిందేమీ లేదు, పైగా ఆ పూట సూపర్‌వైజరూ హెల్పరూ పక్కపక్కన నిలబడతారు. ఆందోళన పడాల్సింది ఆ భయాన్నీ ఒంటరితనాన్నీ సొమ్ము చేసుకునేవాళ్ల గురించి.

నా అంచనాలో ఇలాంటి వాడలకు కాషాయం కట్టిన కల్ట్ కన్నా కోటు వేసుకున్న కల్ట్ ప్రమాదం ఎక్కువ. ఒకరు మరొకరిని చేర్పిస్తూ పోయే ఈ వ్యాపారాన్ని జనం చెయిన్ సిస్టం అంటారు. పరిచయస్తుడు కార్మికుణ్ణి పార్ట్‌టైమ్ పని ఉందని ఆదివారం మీటింగుకు పిలుస్తాడు. వేదిక మీద నిన్నటిదాకా తనలాగే హెల్పర్‌గా ఉన్నవాడు కారు తాళం చూపిస్తాడు, హాలంతా చప్పట్లు కొడుతుంది. చేరడానికి కట్టాల్సింది అప్పు చేసి కడతాడు. తెలిసినవాళ్ల జాబితా రాయమంటారు. వద్దన్న అన్నను, తిట్టిన భార్యను నెగెటివ్ మనుషులంటారు, వాళ్ల మాట వినొద్దంటారు. డబ్బు రాకపోతే తప్పు పథకానిది కాదు, నీ నమ్మకం చాలలేదంటారు. అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ 1961లో చైనాలో నిర్బంధ బోధనకు గురైనవారి అనుభవాల ఆధారంగా రాసిన లక్షణాల్లో చాలావరకు ఇక్కడ దొరుకుతాయి: సమాచారం మీద అదుపు, తప్పు ఒప్పుకోలు, లోపలివాళ్లకే అర్థమయ్యే పరిభాష, సిద్ధాంతం ముందు అనుభవానికి విలువ లేకపోవడం.

2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే కేసులో అలాంటి సభ్యత్వ పథకం 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం పరిధిలోకి వస్తుందని చెప్పింది. 2019లో సైబరాబాద్ పోలీసులు నోయిడాకు చెందిన ఈబిజ్ సంస్థ నిర్వాహకులను అరెస్టు చేశారు. దేశవ్యాప్తంగా రూ.5,000 కోట్ల మేర వసూళ్లు జరిగాయన్నది పోలీసుల ఆరోపణ. 2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు తెచ్చి పిరమిడ్ పథకాలను నిషేధించింది. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి వచ్చిన పిల్లలు. వారిలో కొందరు లక్ష రూపాయలకు పైగా కట్టి గొలుసుకట్టు సంస్థలో చేరారని కుటుంబాలు చెప్పాయి. ఊళ్లో అమ్మానాన్నలకు మాత్రం హైదరాబాద్‌లో ఉద్యోగమనే తెలుసు.

బయటపడే దారి

1970లలో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు మనుషులను పెట్టి తమ పిల్లలను కల్ట్‌ల నుంచి ఎత్తుకొచ్చి, గదుల్లో బంధించి వాదించేవారు. అది కోర్టుల్లో నిలవలేదు, చాలామంది మరింత గట్టిగా వెనక్కి పోయారు. తర్వాతి కాలపు సలహాదారులు వేరే దారి పట్టారు. సిద్ధాంతం మీద వాదన వద్దు. గురువును తిట్టవద్దు, తిడితే ఆ మనిషి గురువు తరఫున వకాల్తా తీసుకుంటాడు. పెళ్లికి పిలవండి, పండక్కి బట్టలు పెట్టండి, ఫోను చేస్తే ఎత్తండి. కొత్త అప్పులకు మాత్రం హామీ సంతకాలు పెట్టవద్దు. బయటికి వచ్చినవాళ్లకు సిగ్గు, దిక్కుతోచనితనం, నిద్రలేమి నెలల తరబడి ఉంటాయి. దీర్ఘకాలం బలవంతపు ప్రభావంలో బతికినవారిలో తామెవరమన్న స్పృహే చెదిరిపోవడాన్ని అమెరికన్ మనోవైద్య సంఘం 2013 వర్గీకరణ గుర్తించింది. అలాంటివారికి వైద్యం అవసరం, ఉపన్యాసం కాదు.

చట్టం విషయంలో మహారాష్ట్ర 2013లో, హేతువాది నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత, మంత్రతంత్రాల పేరిట జరిగే హింస, దోపిడీల మీద ప్రత్యేక చట్టం తెచ్చింది. సంగారెడ్డి జిల్లాను ఆనుకుని ఉన్న కర్ణాటక 2017లో తెచ్చింది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిది రావాలని జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ఆ చట్టం రావాలి. అది విశ్వాసాన్ని ముట్టుకోకుండా, మోసాన్నీ, నిర్బంధాన్నీ, వైద్యం అందకుండా అడ్డుకోవడాన్నీ మాత్రమే నేరంగా చూడాలి. కార్మిక శాఖ, యూనియన్లు కూడా వాడల్లోని వలస కార్మికుల గదుల దాకా వెళ్లాలి. చెప్పుకునే చోటు ఉన్న మనిషిని వల వేయడం కష్టం.

మీ ఇంట్లోనో, మీ పక్క గదిలోనో ఎవరైనా ఇలా దూరమవుతున్నారనిపిస్తే వాదించకుండా మాట కలుపుతూ ఉండండి. మానసిక సహాయం కోసం కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పటాన్‌చెరు నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డులోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది.